నాన్నకు రావలసిన పేరు

అక్టోబర్ 19

బడి వంటగది కోసం తవ్విన పునాదిలో ఇంకో కుండ బయటపడింది. ఇప్పటిదాకా దొరికినవన్నీ పెద్దవి. ఇది చిన్నది, ఒళ్ళో పెట్టుకునేంత. నోటి మీద ఇంకో కుండ బోర్లించి ఉంది. లోపల ఏముంటుందో నాకు తెలుసు, తవ్వకం నడిపే ప్రొఫెసర్ గువోకీ తెలుసు. పైకి ఎవరం అనలేదు. మా ఊరి పనివాళ్ళిద్దరూ పారలు అక్కడే పడేసి, పొయ్యి మీద దుంపలు పెట్టి వచ్చామని వెళ్ళిపోయారు. ఇద్దరికీ ఒకేసారి దుంపలు గుర్తొచ్చాయి.

నాకు ఆరో నెల. నాకేం భయం లేదు.

ఇంటికొచ్చే ముందు వాగులో మోచేతుల దాకా కడుక్కున్నాను. మట్టి పోవాలి కదా.

అక్టోబర్ 20

నాన్న మాటలు మానేశాడు. పొద్దున్నే వచ్చి వాకిట్లో కొక్కేనికి చేపలు తగిలించి, లోపలికి తొంగి కూడా చూడకుండా వెళ్ళాడు. అన్నీ ఆడవాళ్ళు తినే చేపలే, ఒక్కటి కూడా మగవాళ్ళది కలవలేదు. కోపంలో కూడా ఏరి తెచ్చాడు.

మధ్యాహ్నం మేనత్త సినన్ మలయో వచ్చింది. గడప దాటలేదు. బయట నిలబడే అందుకుంది.

"కడుపుతో ఉండి చచ్చినవాళ్ళ గుంటలో కూర్చుంటావటే? బుర్ర పెద్దదీవిలో చదువుకున్న చోటే వదిలేసి వచ్చావా?"

"అవి వెయ్యేళ్ళ నాటివి అత్తా."

"వెయ్యేళ్ళయితే వాళ్ళకి ఆకలి తగ్గుతుందా? ఇంకా పెరుగుతుంది."

"మన పెద్దవాళ్ళే కదా. మననేం చేస్తారు?"

"మనవాళ్ళు ఏనాడూ కుండల్లో పెట్టలేదు. మట్టిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వస్తారు మనవాళ్ళు. ఆ కుండలోళ్ళు ఇంకెవరో."

దక్షిణాన బతానెస్ దీవుల్లోనూ ఇవే కుండలు దొరికాయని, మూతలు కూడా ఇలాగే బోర్లించి ఉన్నాయని చెప్పాను. కుండకి వాళ్ళనే మాటా మనమనే మాటా ఒకటే. మన తాతలు పెద్ద పడవలు కట్టుకుని అక్కడికి పోయి వచ్చేవాళ్ళు, చివరికి ఏదో తగవొచ్చి మానేశారు. మన పాటల్లోనే ఉంది కదా అన్నాను.

"పాటలో ఉంటే పాడుకో. తవ్వకు" అంది అత్త.

నవ్వొచ్చింది. ఆవిడ ముందు నవ్వలేదు.

అక్టోబర్ 27

చిన్న కుండ తెరిచాం. ప్రొఫెసర్ నన్ను పక్కకు పిలిచి, వేరేవాళ్ళ చేత చేయిస్తానన్నాడు. అక్కర్లేదన్నాను. ఈ దీవిలో పుట్టి ఈ చదువు చదివింది నేనొక్కతెనే, నేను చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు.

పసిబిడ్డ. మోకాళ్ళు గుండెకి ముడిచి పెట్టారు. పక్కటెముకలు చేప ముళ్ళంత సన్నం. దవడలో పళ్ళు ఉన్నాయి కానీ పైకి రాలేదు. మెడ దగ్గర ఒక నీలి గాజు పూస. బొమ్మ మొత్తం నేనే గీశాను. గీతలు తిన్నగానే ఉన్నాయి.

సాయంత్రం వాగులో చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. మట్టి ఎక్కువగా అంటింది.

నవంబర్ 2

దారిలో నాన్న ఎదురొచ్చాడు. ఎప్పటిలాగా పక్కకు తప్పుకుని పోతాడనుకున్నాను. ఆగాడు. నా మొహం వైపు కాదు, నా కాళ్ళ వైపు చూస్తూ అడిగాడు.

"ఆ చిన్నదానికి మూత ఉందా?"

"ఉంది నాన్నా. కుండ మీద కుండ బోర్లించారు."

"వాన నీళ్ళు దిగలేదా?"

"లేదు. లోపలంతా పొడిగానే ఉంది."

తలూపి వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళ తర్వాత మాట్లాడింది అదీ. ఎలా ఉన్నావని అడగలేదు, అల్లుడెలా ఉన్నాడని అడగలేదు. కుండ మూత గురించి అడిగాడు. ముసలితనం.

నవంబర్ 10

పేరు అనుకోవాలని మా ఆయన తొంగయ్ గొడవ. బిడ్డకంటే వాడికే తొందర. బిడ్డకు పేరు పెట్టిన పూట నుంచి వాడు సి తొంగయ్ కాడు, నేను సి యవెన్ కాను. వాడు సియమన్, అంటే ఫలానా బిడ్డ తండ్రి. నేను సినన్, తల్లి. నాన్న ఇన్నేళ్ళూ సియమన్ యవెన్, నా పేరు మోస్తూ తిరిగాడు. ఇక నుంచి ఈ బిడ్డ పేరుతో సియపెన్, అంటే తాత, అవుతాడు. ఊళ్ళో ఆ తర్వాత పాత పేరు ఎవరూ అనరు. అందుకే తొంగయ్ పట్టుబడుతున్నాడు. చచ్చేదాకా తనను పిలిచే పేరు కదా, బాగుండాలి అంటాడు.

నేను ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాను. దలావెన్.

అమ్మ నీటిచేలో నడుం వంచి కలుపు తీసేది. నేను గట్టు మీద బురద పిసుకుతూ కూర్చునేదాన్ని. "దలావెన్, ఇటు రా. దలావెన్, చూడు దుంప ఎంతయిందో" అనేది. నేను లేచి వెళ్ళేదాన్ని. ఇంట్లో మాత్రం యవెన్ అనే పిలిచేది. దలావెన్ అన్న ముద్దుపేరు చేలోనే. ఒకసారి ఇంట్లో నాన్న ముందు, నన్ను దలావెన్ అని పిలవమని గునిసి, ఆ పేరు సగం అన్నానో లేదో అమ్మ చేత్తో నా నోరు మూసి నవ్వింది. నవ్విందనే గుర్తు.

అమ్మ పోయి ఆరేళ్ళు. పోయినవాళ్ళ పేరు మేం అనం కాబట్టి అమ్మ పేరు ఇక్కడ కూడా రాయను. అమ్మ నాకు పెట్టిన పేరు అనొచ్చు కదా. అది నాది. నేను బతికే ఉన్నాను.

తొంగయ్ నాలుగైదు సార్లు పలికి చూసుకున్నాడు. "సియమన్ దలావెన్. పడవ మీద నుంచి పిలిస్తే దూరానికి వినపడుతుంది, బాగుంది" అన్నాడు. వాడికి పేరంటే అంతే.

నవంబర్ 11

నాన్నని అన్నానికి పిలిచాం. వచ్చాడు. నా చేత్తో వడ్డిస్తే తినడని తొంగయ్ వడ్డించాడు. సగం దుంప తిన్నాక చెప్పాను.

"పేరు అనుకున్నాం నాన్నా. దలావెన్."

నాన్న దుంప కింద పెట్టాడు. లేచి గోడకున్న కత్తి తీసుకుని బయటికి వెళ్ళాడు. ఇంటి చుట్టూ తిరుగుతూ, చచ్చినవాళ్ళను తరిమేటట్టు గాలిని నరికాడు. పక్కింటి వాళ్ళు బయటికొచ్చి చూసి మళ్ళీ లోపలికి పోయారు. తిరిగి వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"ఆ పేరుకి నేను పలకను."

"మరి నిన్నేమని పిలుస్తారు?"

"ఇప్పుడు పిలిచేది చాలు."

"బిడ్డ పుట్టాక కూడా నా పేరే మోస్తావా? ఊరు నవ్వదూ?"

"నవ్వనీ."

వెళ్ళిపోయాడు. దుంప సగం అలాగే ఉంది.

బిడ్డ పేరు తీసుకోనన్న తాత బిడ్డను ఒడిలోకి తీసుకోనన్నట్టే. అది నాన్నకీ తెలుసు. తవ్వకం మాననందుకు ఈ పంతం, ఇంకేం కాదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

నవంబర్ 13

కొక్కేనికి చేపలున్నాయి. మనిషి లేడు.

నవంబర్ 28

ఊరివాళ్ళు, ప్రొఫెసర్ కూర్చుని మాట్లాడుకున్నారు. కొలతలు, ఫోటోలు అయిపోయాయి కాబట్టి కుండలు పెద్దదీవిలో తైతుంగ్ మ్యూజియానికి పోవు, ఎక్కడివక్కడే పూడ్చేస్తారు. వంటగది అవతలి గోడ వైపు కడతారు. ప్రొఫెసర్ మొహం చిన్నబోయింది కానీ మాట మీద నిలబడ్డాడు. చిన్న కుండను నేనే దించాను. పూసతో సహా. మూత నేనే బోర్లించాను.

సాయంత్రం నాన్న దగ్గరికి వెళ్ళి చెప్పాను. అన్నీ మట్టిలోకి పోయాయి, నా పని అయిపోయింది, ఇక కోపం దేనికి అన్నాను.

"పేరు మార్చావా?"

"లేదు."

"సరే అయితే" అని వల ముడులు వేసుకోవడంలో పడ్డాడు.

ముసలివాళ్ళకి కారణం అక్కర్లేదు.

డిసెంబర్ 15

తొంగయ్‌తో దెబ్బలాట.

"ఇంకో పేరు పెడితే ఏం పోతుందే? ఊళ్ళో పేర్లకి కరువొచ్చిందా?"

"అమ్మ నాకిచ్చింది అదొక్కటే."

"మీ అమ్మ నీకు నీటిచేను ఇచ్చింది, ఇల్లు ఇచ్చింది, ఈ మొండితనం ఇచ్చింది. ఒక్కటేంటి?"

"నువ్వు మా నాన్న పక్షమా?"

"నేను చేపల పక్షం. మామ రేపు అవి కూడా మానేస్తే మనం తినేదేంటి?"

నవ్వించాలని చూశాడు. నేను నవ్వలేదు. మొండితనం అమ్మది కాదు, నాన్నది.

జనవరి 14

తైతుంగ్ ఆసుపత్రిలో పుట్టింది. ఆడపిల్ల. ఇద్దరం బాగున్నాం.

జనవరి 19

గాలికి రెండు రోజులు విమానం లేదు, ఈరోజు ఎక్కించారు. విమానం దిగే చోటికన్నా నాన్న వస్తాడనుకున్నాను. రాలేదు. ఇంటి కొక్కేనికి మాత్రం చేపలు బరువుగా వేలాడుతున్నాయి. బాలింతలు తినే రకం. ఈ గాలిలో ఈ చేప కోసం ఏ రాళ్ళ వెంబడి తిరిగాడో.

పిల్లకి ఇంకా పేరు పడలేదు. ఇంటి పెద్ద ఊట నీళ్ళు తెచ్చి తల మీద చుక్క పెట్టి పేరు చెప్పాలి. పెద్ద రాకపోతే తొంగయ్ తెస్తాడు. అదేం పెద్ద విషయం కాదు.

జనవరి 20

అత్త పిల్లకి నీళ్ళు పోయడానికి వచ్చింది. ఎత్తుకుంది, ముద్దాడింది, ముక్కు నాన్నదేనంది. దలావెన్ అని నేనొకసారి అన్నానో లేదో, పిల్లని నా చేతుల్లో పెట్టి చెవులు మూసుకుంది.

"ఏంటత్తా ఇది? ఎముకలు మట్టిలో పెట్టేశాం కదా. ఇంకా ఏంటి?"

"ఎముకల గొడవ ఎవడిక్కావాలే పిచ్చిదానా! ఎవరూ అనని పేరు నీ నోట్లోకి ఎట్లా వచ్చింది?"

"అమ్మ నన్ను పిలిచేది."

అత్త తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఆ పేరు ఎక్కడా రాకుండా, పడవని రాళ్ళ మధ్య నుంచి తప్పించి తెచ్చినట్టు మెల్లగా చెప్పింది.

"మీ నాన్నకి నీ పేరు మోసేకంటే ముందు ఇంకో పేరుండేది. ఒక్క చలికాలం. ఒక్కటే. అప్పుడు ఆసుపత్రీ లేదు, విమానమూ లేదు. ఆ బిడ్డకి దగ్గొచ్చింది, దక్కలేదు. మీ నాన్నే పేము కవచం వేసుకుని ఈటె పట్టుకుని తీసుకెళ్ళి పెట్టొచ్చాడు. వెనక్కి చూడకుండా వచ్చాడు. ఆనక కూడా ఎన్నడూ చూళ్ళేదు. తర్వాత నువ్వు పుట్టావు. అది నీ మీదికి రాకూడదని ఆ పేరు ఊరంతా మింగేశాం. మీ అమ్మ కూడా మింగింది అనుకున్నాం."

నేను ఈ ఇంటికి పెద్దపిల్లని కాదు. అమ్మ చేలో పిలిచింది నన్ను కాదు. పిలవని పేరుకి లేచి వెళ్ళి అమ్మ కాళ్ళు పట్టుకునేదాన్ని. అమ్మ నన్ను పొమ్మనలేదు.

ఈ రోజుకి ఇంతే రాయగలను.

జనవరి 21

పిల్లని అత్త దగ్గర వదిలి నాన్న దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు.

"పేరు మారుస్తున్నాను నాన్నా. నువ్వే ఏదైనా చెప్పు."

అటు తిరిగే ఉన్నాడు. "నీకు ఆ పేరు ఎవరు చెప్పారు?"

"అమ్మ."

"అబద్ధం. అది ఏనాడూ అనలేదు. నేను అనలేదు, అది అనలేదు."

"చేలో అనేది."

నాన్న ఇటు తిరిగాడు. "ఏమనేది?"

"దలావెన్, ఇటు రా. దలావెన్, చూడు దుంప ఎంతయిందో."

కత్తి తీసుకుంటాడేమో అని చూశాను. వల కింద పెట్టాడు.

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. అమ్మ గొంతు ఎలా ఉండేది, కోపంగానా, ఏడుస్తూనా అని అడిగాడు. మామూలుగా అన్నాను. కలుపు తీస్తూ పిల్లతో మాట్లాడినట్టు.

"ఎప్పుడో ఒకసారా?"

"చేనుకి వెళ్ళినప్పుడల్లా."

"నువ్వెక్కడుండేదానివి?"

"అక్కడే. గట్టు మీద."

"నీకేమన్నా అయిందా? జ్వరమో, దగ్గో?"

"నాకేం కాలేదు నాన్నా. ఎప్పుడూ ఏం కాలేదు."

నాన్న చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని సముద్రం వైపు చూశాడు.

"అన్నేళ్ళూ అది అంటూనే ఉంది. నువ్వు పక్కనే ఉన్నావు. నీకేం కాలేదు" అన్నాడు. వల పక్కకు తోసి, "నేనొక్కణ్ణే అనలేదు" అన్నాడు.

నాన్న ఏడవడం నేను చూడటం ఇదే మొదలు. అమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు. నాకు చాలా భయం వేసింది. ఏం చెయ్యాలో తెలియక వల ఒక కొస పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఏ పేరు పెట్టాలో చెప్పలేదు, నేనూ అడగలేదు.

జనవరి 22

తెల్లారకముందే కొబ్బరి చిప్పలో ఊట నీళ్ళతో వాకిట్లో నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. వెండి కిరీటం తప్ప పండగ బట్టలన్నీ వేసుకున్నాడు.

"పేరు మార్చలేదుగా?" అన్నాడు.

లేదన్నాను. తొంగయ్ ఊళ్ళోకి పరుగెత్తి చుట్టాలను పిలుచుకొచ్చాడు. నాన్న పిల్లని ఒళ్ళో పెట్టుకుని నీళ్ళలో వేలు ముంచాడు. మాడు మీద పెట్టి, "రాయిలా గట్టిగా ఉండు. నీ జుట్టు తెల్లబడాలి, నీ మనవల చేతి చేప తినాలి. సి దలావెన్" అన్నాడు. మెల్లగా అనలేదు. అందరికీ వినపడేలా అన్నాడు.

ముసలమ్మలు చాపలు దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. అత్త చెవులు మూసుకుంది కానీ కూర్చునే ఉంది.

జనవరి 30

నాన్నని ఎవరూ ఏమనీ పిలవడం లేదు. పాత పేరు అనకూడదు, కొత్త పేరు అనలేరు. "ఇదుగో" అంటున్నారు, "ఓయ్" అంటున్నారు. పడవలో తోడొచ్చే సియపెన్ రొమెక్, చిన్నప్పటి నుంచీ జోడు, ఆయన కూడా గొంతు సవరించుకుని మాట మొదలుపెడుతున్నాడట. తొంగయ్‌ని కుర్రాళ్ళు పిల్ల తండ్రీ అంటున్నారు. నన్ను బజారులో చూస్తే పక్కకు తిరుగుతున్నారు. నాన్న ఇవన్నీ చెప్పుకోడు. రోజూ వచ్చి పిల్లని ఎత్తుకుని, పేరు పెట్టి పిలిచి, చేప తగిలించి పోతున్నాడు.

నేను ఆ పేరు ఇంకా గట్టిగా అనలేకపోతున్నాను. భయంగా ఉంది. రాసేశాను, భయం ఉంది.

ఫిబ్రవరి 3

జ్వరం.

ఫిబ్రవరి 4

నర్సు జలుబేనంది, మందిచ్చింది. నాన్న కత్తి పట్టుకుని వాకిట్లోనే కూర్చున్నాడు. అన్నం కూడా అక్కడే. పేరు మార్చేద్దాం, నాకు పిల్ల కావాలి, పేరు అక్కర్లేదు అని ఏడ్చాను.

"ఒకసారి ఆ పేరు మింగాను. ఇంకోసారి మింగలేనే అమ్మాయ్" అన్నాడు. "అది మనల్నేం చెయ్యదు. మీ అమ్మ పిలిస్తే వచ్చి దుంప చూసి పోయేది, అంతే కదా."

ఆయనకి నమ్మకమో, నా కోసం అన్నాడో తెలియదు. కత్తి మాత్రం వదల్లేదు.

ఫిబ్రవరి 6

జ్వరం తగ్గింది. పాలు తాగింది. అత్త వచ్చి చూసి, "దీనికేం, దుక్కలా ఉంది" అని తిట్టి పోయింది.

ఏప్రిల్ 11

ఎగిరే చేపల రోజుల్లో పగటి వేట మొదలైంది. ఆడవాళ్ళం ఇప్పుడు తీరానికి దిగం కాబట్టి పిల్లతో పైన అరుగు మీద కూర్చుని చూశాను. గాలి మారి అల పెద్దదయింది. చిన్న పడవలన్నీ ఒక్కసారే తిరిగొచ్చాయి. నాన్న ముందే దిగి, నీళ్ళలో నడుము లోతున నిలబడి, ఇంకెవరి పడవకో చెయ్యి వేస్తున్నాడు. వెనక మా పడవలో సియపెన్ రొమెక్ ఒక్కడే ఉన్నాడు. అల పడవని అడ్డంగా తిప్పేసింది. పక్కనే రాళ్ళు.

"ఇదుగో!" అని అరిచాడు. ఒడ్డున ఉన్న మగవాళ్ళంతా ఒకరినొకరు అలాగే అరుచుకుంటున్నారు. నాన్న తిరగలేదు. "ఓయ్!" అన్నాడు. ఎవరూ తిరగలేదు. పడవ రాళ్ళ మీదికి పోతోంది.

"సియపెన్ దలావెన్! తాడు!"

ఒడ్డంతా ఆగిపోయింది. అరుగుల మీద ఆడవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. నా ఒళ్ళో పిల్ల నిద్రపోతూనే ఉంది.

"ఆఁ, విసురు!" అన్నాడు నాన్న. చెయ్యి చాచి తాడు అందుకున్నాడు.